అడిగించుకున్న గట్టిమేళం

ఒక మనిషి మీద నేను తొమ్మిదేళ్ళు పగ పెట్టుకున్నాను. ఆయన నా ఆస్తి కాజెయ్యలేదు, నన్ను కొట్టలేదు, కనీసం తిట్టనైనా తిట్టలేదు. ఈ సంగతి మా ఆఫీసులో ఎవరికైనా చెబితే "లైట్ తీస్కో బాస్" అంటారు. లైట్ తీసుకునే రకం కాదు నేను. వీడికి అన్నం అరుగుతుంది గానీ మాట అరగదని మా అమ్మ నా చిన్నప్పుడే తేల్చేసింది.

రెండువేల మూడులో నాకు అమెరికాలో, షామ్‌బర్గ్ అనే ఊళ్ళో మొదటి ఉద్యోగం. మాస్టర్స్ అయి ఆరు నెలలు. ఆ ఏడు మా ప్రాంతపు తెలుగు సంఘం వాళ్ళు ఉగాదికి "టాలెంట్ ఉన్నవాళ్ళు పేర్లివ్వండి" అని ఈమెయిల్ పంపారు. నాకు ట్రంపెట్ వచ్చు. మా నాన్న గోదావరి జిల్లాలో పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండు మేళంలో నలభై ఏళ్ళు ట్రంపెట్ ఊదాడు. మా ఇంట్లో దాన్ని బూర అనే అంటాం. పదేళ్ళ వయసు నుంచి నాకూ నేర్పాడు. అమెరికా వచ్చాక ఇక్కడి పాత సామాన్ల దుకాణంలో ఒకటి కొనుక్కుని, అపార్ట్‌మెంట్ క్లోజెట్‌లో కోట్ల మధ్య మూతి దూర్చి, పక్కింటివాళ్ళకు వినబడకుండా ఊదుకునేవాణ్ణి. అలాంటివాడికి స్టేజి అనేసరికి ఆశ పుట్టింది. పేరిచ్చాను.

రిహార్సల్ దగ్గర్లోని అరోరాలో, సంఘం కల్చరల్ కమిటీ పెద్దాయన ఇంటి బేస్‌మెంట్‌లో. ఇరవై ఏళ్ళ నుంచి ఇక్కడ ఉన్న మనిషి, అందరూ అంకుల్ అని పిలుస్తారు. నేను ఒక కీర్తన వాయించాను. వాయించడం బాగానే కుదిరింది, అందరూ చప్పట్లు కూడా కొట్టారు. పెద్దాయన సోఫాలోంచి లేవకుండానే అడిగాడు.

"బాగుందయ్యా. ఎక్కడ నేర్చుకున్నావ్?"

"మా నాన్నగారి దగ్గరండీ. ఆయన బ్యాండు మేళంలో వాయించేవారు."

"బ్యాండు మేళమా!" ఆయన మొహం వెలిగిపోయింది. పక్కనున్న వాళ్ళవైపు తిరిగి నవ్వాడు. "మరింకేం? స్టేజ్ మీద ఐటమ్స్ ఎలాగూ ఫుల్ అయిపోయాయి. నువ్వు పార్కింగ్ లాట్‌లో నిలబడు. చీఫ్ గెస్ట్ కార్ దిగగానే నేను వేలెత్తుతా, నువ్వు అందుకో. ఎంట్రీ అదిరిపోవాలి. మీ వాళ్ళకి అలవాటే కదా!"

అందరూ నవ్వారు. ఛీ, నేనూ నవ్వాను. "అలాగేనండీ" అన్నాను.

మేళం వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. పెళ్ళింటి యజమాని వేలెత్తితే మొదలుపెట్టాలి, అరచెయ్యి చూపిస్తే ఆపాలి. మధ్యలో ఆపకూడదు, అడక్కూడదు. యజమాని మొహం చూడక్కర్లేదురా, చెయ్యి చూస్తే చాలు అని మా నాన్న నాకు చిన్నప్పుడే నేర్పాడు. ఉగాది రోజున ఏప్రిల్ చలిలో నలభై నిమిషాలు పార్కింగ్ లాట్‌లో నిలబడ్డాను. ఇత్తడి పెదాలకు అతుక్కుపోయింది. కారొచ్చింది, వేలు లేచింది, నేను ఊదాను. చీఫ్ గెస్ట్ గుమ్మం దాటగానే పెద్దాయన వెనక్కి తిరగకుండానే అరచెయ్యి చూపించాడు. నేను ఆపాను. తలుపు మూసుకుంది. లోపలికి వెళ్ళబోతే గుమ్మం దగ్గరున్న ఒకావిడ, "బాబూ, ఫస్ట్ గెస్ట్స్ తినేస్తారు. నీలాంటి వాళ్ళకి తర్వాత ప్లేట్లు పెడతాం, ఓకేనా?" అంది.

తినకుండా వచ్చేశాను. ఆయన అన్న మాట కంటే నేను అన్న "అలాగేనండీ" నన్ను ఎక్కువ కాల్చింది. ఎమ్మెస్ చదివినా, ఉద్యోగం చేస్తున్నా, ఆయన వేలెత్తగానే నా చేతులు వాటంతటవే లేచాయి. కార్‌లో కూర్చుని ఒట్టు పెట్టుకున్నాను. ఈ మనిషి ఏదో ఒక రోజు నలుగురి ముందు, వేలితో కాదు, నోటితో, వాయించమని నన్ను బతిమాలాలి. అదొక్కటి జరిగితే చాలు, ఇంకేం వద్దనుకున్నాను.

ఆ తర్వాత రెండు నెలలు బూర ముట్టుకోలేదు. జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం లాండ్రోమాట్‌లో బట్టలు వేసి కూర్చున్నాను. పక్క గోడలోంచి దడదడా చప్పుడు. డ్రమ్స్, గిటారు, వాటి మీద ఇత్తడి వాయిద్యాలు. శ్రుతి కొంచెం పక్కకు పోయినా హుషారు మాత్రం పెళ్ళి ఊరేగింపుదే. నేను లేచి చూస్తే పక్కది మాజీ సైనికుల హాలు. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న పిల్ల టిక్కెట్టు డబ్బులు తీసుకుని నా చేతి మీద నక్షత్రం ముద్ర గుద్ది లోపలికి పంపింది.

చెక్క పలకల గోడలు, పాత సైనికుల ఫోటోలు, మూలన కాఫీ మరిగే పెద్ద పాత్ర. దాని పక్కన వందమంది దాకా పిల్లలూ పెద్దలూ గెంతుతున్నారు. సన్నటి టైలు, నలుపూ తెలుపూ గళ్ళ బెల్టులు. మోకాళ్ళూ మోచేతులూ ఎగరేస్తూ ఉన్నచోటే పరిగెత్తుతున్నట్టు ఆడుతున్నారు. గిటారువాడు దెబ్బ మీద కొట్టడం లేదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో చక్, చక్ అని కొడుతున్నాడు. ఒకడు జారి కిందపడ్డాడు. నేను అయ్యో అనుకునేలోపే నాలుగు చేతులు వాణ్ణి లేపి నిలబెట్టాయి, ఆట ఆగలేదు.

నన్ను నిలబెట్టేసింది మాత్రం అది కాదు. బూరలవాళ్ళు ముందున్నారు! స్టేజి మీద, లైటు కింద, పాట పాడేవాడికి సమానంగా. ఒక ట్రంపెట్, ఒక సాక్సాఫోన్, ఒక ట్రాంబోన్. వాళ్ళ వంతు రాగానే జనం ఆ వైపు చేతులెత్తి కేకలేస్తున్నారు. మా ఊళ్ళో బూర ఊదేవాణ్ణి పెళ్ళివాళ్ళు పొరపాటున కూడా కన్నెత్తి చూడరు. ఇక్కడ వాళ్ళ కోసమే టిక్కెట్టు కొనుక్కుని వచ్చారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలోనే ఆ అరోరా పెద్దాయన గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

పాటలయ్యాక ట్రంపెట్ కుర్రాడి దగ్గరికెళ్ళి, నీ మూడో మీట పట్టేస్తోంది, నూనె వెయ్యమన్నాను. నీకు వచ్చా అన్నాడు. వచ్చన్నాను. వాడి బూర నా చేతిలో పెట్టాడు. నేను పెళ్ళికొడుకు ఊరేగింపు పాట ఒక చరణం ఊదాను. డ్రమ్మరు సిగరెట్టు పారేసి లోపలికొచ్చాడు. టైర్ల షాపులో పనిచేసే మనిషి, ఆరున్నర అడుగులుంటాడు. ఎవరు నేర్పారని అడిగాడు. మళ్ళీ ఆ ప్రశ్నే! ఈసారి దాచకుండా, కోపంగానే, మా నాన్న బ్యాండు మేళంలో జీవితమంతా ఊదాడని చెప్పాను.

"జీవితమంతా? వేరే ఉద్యోగం లేకుండా బ్యాండులోనే?" డ్రమ్మరు నోరు వెళ్ళబెట్టాడు. సాక్సాఫోన్ ఆవిడను పిలిచి మరీ చెప్పాడు. ఆవిడ స్కూల్ బస్సు నడుపుతుంది. "అదృష్టవంతుడు" అంది.

ఆ ఒక్క మాటకు నేను ఆ బ్యాండులో చేరిపోయాను. వాళ్ళు వాయించే సంగీతం పేరు స్కా అనీ, ఎప్పుడో జమైకాలో పుట్టిందనీ, ఇక్కడ ఫ్యాషన్ అయి, ఆ ఫ్యాషన్ కూడా పోయి చాలా రోజులైందనీ తర్వాత తెలుసుకున్నాను. పోనీ. లాండ్రోమాట్‌కి తిరిగి వెళ్ళేసరికి నా బట్టలు ఎవరో తీసి నేల మీద పడేశారు. మళ్ళీ ఉతుక్కున్నాను.

మొదటి షోలో పరువు పోవలసింది. ఒక చర్చి బేస్‌మెంట్‌లో, ఆదివారం మూడింటికి. పాట అయిపోయింది, అందరూ ఆపేశారు. నేను ఆపలేదు. అరచెయ్యి ఎవరూ చూపించలేదుగా! యజమాని ఆపమనేదాకా ఊదడమే మా చదువు. ఒంటరిగా ఊదుతూనే ఉన్నాను. సాక్సాఫోన్ ఆవిడ నావైపు గుడ్లురిమి చూసింది. తర్వాత ఎవరో కేక వేశారు, డ్రమ్మరు నవ్వుకుంటూ కర్రలెత్తాడు, మళ్ళీ అందరూ అందుకున్నారు. అలా మూడుసార్లు తిరిగింది ఆ పాట. ఆ తర్వాత ఎక్కడికెళ్ళినా ఆ పాటకు నన్ను ఆపకుండా ఊదమని జనమే అడిగేవాళ్ళు. కొన్నాళ్ళకు లెక్క పెట్టి బ్యాండును మొదలుపెట్టే పని కూడా నాకే అప్పగించారు. వన్, టూ, త్రీ, ఫోర్ అని నేను అంటేగానీ ఎవరూ కదలరు.

మొత్తం ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపినా ఈ స్కా పిచ్చివాళ్ళం రెండు వందలమంది ఉంటామేమో. ఎక్కడ షో పెట్టినా ఆ మొహాలే. ఒకరి వ్యాన్ పాడైతే ఇంకొకరు సామాన్లు మోస్తారు. నా వీసా స్టాంపింగ్ ఆలస్యమై ఇండియాలో ఇరుక్కుపోతే, మా సాక్సాఫోన్ ఆవిడ నా అపార్ట్‌మెంట్‌లో మొక్కలకు రెండు నెలలు నీళ్ళు పోసింది. నన్ను ఎవరూ ఎక్కడివాడివని అడగలేదని చెప్పను. అడిగారు, పిచ్చి ప్రశ్నలూ వేశారు. కానీ అన్నం దగ్గర మాత్రం తర్వాత రమ్మనలేదు.

అయినా నా పగ చల్లారలేదు. పైగా పనికొచ్చింది. ప్రతి షోలోనూ హాలు చివర్న ఆ పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నట్టు ఊహించుకుని ఊదేవాణ్ణి. పై స్వరాలు బ్రహ్మాండంగా పలికేవి.

నాలుగేళ్ళ తర్వాత మా ట్రాంబోన్ మనిషి ఊరు మారిపోతే కొత్త పిల్ల వచ్చింది. కాలేజీ మొదటి సంవత్సరం, స్కూల్ మార్చింగ్ బ్యాండులో నేర్చుకుంది. తెలుగుపిల్ల! ప్రాక్టీసు మధ్యలో ఫోన్ మోగితే గోడవైపు తిరిగి, "అమ్మా, ఐ యామ్ ఇన్ ద లైబ్రరీ. చదువుతున్నా. డిస్టర్బ్ చేయొద్దు" అంది. పెట్టేసి వెనక్కి తిరిగేసరికి నేను పగలబడి నవ్వుతున్నాను.

"ఓ మై గాడ్. మీరు తెలుగా? చెప్పొద్దు అన్న, ప్లీజ్. మా డాడీకి తెలిస్తే నేను డెడ్."

"ఎందుకు? బూర ఊదితే తప్పేంటి?"

"డాడీ అంటాడు అది లో క్లాస్ అని. వయొలిన్ ఓకే అంట. ట్రాంబోన్ నాట్ ఓకే."

ఒకరోజు ఆ పిల్ల కార్ స్టార్ట్ కాకపోతే నేను దింపాను. అరోరాలో ఆ వీధి మలుపు తిరగగానే గుర్తుపట్టాను. అదే ఇల్లు. గరాజ్ ముందు పూలమొక్కలకు నీళ్ళు పెడుతున్నది ఆయనే. పిల్లను ఒక ఇల్లు ముందే దింపేసి, టోపీ కిందకు లాక్కుని వచ్చేశాను. దారంతా నాలో నేను నవ్వుకున్నాను. బ్యాండు మేళం అని నవ్విన పెద్దమనిషి కూతురు నా పక్కన నిలబడి, నేను లెక్క పెడితే ఊదుతోంది! ఒక్క ఫోన్ చేస్తే ఆ ఇల్లు అల్లకల్లోలం అవుతుంది. చెయ్యలేదు. నా మంచితనం అనుకోకండి. ఆ పిల్ల బాగా వాయించేది, నాకు ఆ పిల్లంటే ఇష్టం కూడా. కానీ అసలు కారణం అది కాదు. నాకు కావలసింది ఆయన ఏడవడం కాదు, ఆయన అడగడం. నేను కాచుకున్నాను.

ఐదేళ్ళు కాచుకున్నాక అదే నడిచి నా దగ్గరికి వచ్చింది. ఆ పిల్లకు పెళ్ళి కుదిరింది. ఇంట్లో ట్రాంబోన్ సంగతి బయటపెట్టి, నెల రోజులు పోట్లాడి గెలిచింది.

"అన్న, పెళ్ళికి మన బ్యాండే ప్లే చేయాలి. డాడీ ఓకే అన్నాడు. అమెరికన్ లైవ్ బ్యాండ్ అంటే గెస్ట్స్ అందరూ వావ్ అంటారంట."

"రిసెప్షన్‌కా?"

"పెళ్ళికి కూడా. గట్టిమేళం కూడా మనమే. మా కజిన్ పెళ్ళిలో ఫోన్‌లో పెట్టారు, తాళి కట్టే టైమ్‌కి ఇన్సూరెన్స్ యాడ్ వచ్చింది. నాకు అలా వద్దు అన్న. నాకు రియల్ హార్న్స్ కావాలి. నేను మీతో వాయించలేను కదా ఆ టైమ్‌కి, సో మీరందరూ నాకోసం గట్టిగా వాయించాలి."

సరేనన్నాను. గట్టిమేళం అంటే ఏమిటో మావాళ్ళకు చెప్పాను. పంతులుగారు కేక వేస్తారు, పెళ్ళికూతురి తండ్రి వేలెత్తుతాడు, నేను నాలుగు లెక్క పెడతాను, అప్పుడు ఎవరికి చేతనైనంత గట్టిగా వాళ్ళు మోత మోగించాలి. మూడు ముళ్ళు పడేదాకా వేరే ఏ చప్పుడూ ఎవరి చెవినీ పడకూడదు.

అప్పుడు మా నాన్న నా దగ్గరే ఉన్నాడు, ఆరు నెలలకని వచ్చి. ఆయాసం వల్ల ఊదడం మానేసి ఐదేళ్ళయింది. ప్రాక్టీసుకు తీసుకెళ్తే మావాళ్ళు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి దేవుణ్ణి చూసినట్టు చూశారు. డ్రమ్మరు ఆయన చేత తొడ మీద తీన్‌మార్ దరువు వేయించుకుని నేర్చుకున్నాడు. ఇద్దరికీ ఒక్క భాషా కలవదు. "ఈ పొడుగోడు పనిమంతుడు రా" అన్నాడు నాన్న. ఆ పిల్ల నాన్నను కూడా పెళ్ళికి పిలిచింది, ముందు వరసలో కూర్చోవాలని చెప్పింది. పార్కింగ్ లాట్ సంగతి నేను ఎప్పుడూ నాన్నకు చెప్పలేదు.

నిజం చెప్పాలంటే, పెళ్ళి రోజు పొద్దున వరకూ నేను ఏం చెయ్యాలో తేల్చుకోలేదు. పిల్ల ముఖం చూసి వదిలేద్దామా అని కూడా అనిపించింది. పదింటికి గుడి హాల్లో సామాన్లు సర్దుతుంటే పెద్దాయన పట్టుపంచెలో వచ్చాడు. జుట్టు తెల్లబడింది. మావాళ్ళందరికీ చేతులు కలిపి, నా దగ్గరికొచ్చి ఆగాడు.

"నువ్వు తెలుగువాడివే! ఎక్కడో చూశానే నిన్ను?"

"ఉగాదికండీ. పార్కింగ్ లాట్‌లో."

ఆయన ఒక్క నిమిషం ఆలోచించాడు. సిగ్గుపడతాడనుకున్నాను. కనీసం తడబడతాడనుకున్నాను. నా భుజం మీద చెయ్యివేసి గట్టిగా నవ్వాడు.

"ఓహో, నువ్వా! చూశావా మరి, ఆ రోజు నీకు ఫస్ట్ ఛాన్స్ ఇచ్చింది నేనే! ఎంతవాడివయ్యావో!" అని పక్కనున్న వియ్యంకుడికి చెప్పాడు. "మన దగ్గరే మొదలయ్యాడండీ ఈ అబ్బాయి. బ్యాండు మేళం ఫ్యామిలీ." మళ్ళీ నావైపు తిరిగాడు. "ముహూర్తానికి నేను వేలెత్తుతా. చూసుకో."

నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. అవమానించినవాడు మర్చిపోయినా సహిస్తానేమో. వీడు దాన్ని ఉపకారం కింద జమ కట్టుకున్నాడు! అప్పుడే తేలిపోయింది. చూసుకుంటానండీ అన్నాను.

ముహూర్తం పదకొండున్నరకు. ఐదువందలమంది అక్షింతలు చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డారు. పెళ్ళికొడుకు మంగళసూత్రం పట్టుకుని ఆ పిల్ల వెనక్కి వచ్చాడు. "గట్టిమేళం! గట్టిమేళం!" అని పంతులుగారు కేక వేశారు. పెద్దాయన వేలెత్తాడు.

నేను బూర ఛాతీకి ఆనించుకుని ఆ వేలినే చూస్తూ నిలబడ్డాను.

వేలు ఊగింది. డ్రమ్మరు కర్రలు గాల్లో పెట్టి నావైపు చూస్తున్నాడు. సాక్సాఫోన్ ఆవిడ కనుబొమలెగరేసింది. హాల్లో గుసగుసలు ఆగిపోయి, ఏసీ చప్పుడు వినబడింది. పంతులుగారు మళ్ళీ అరిచారు. పెళ్ళికొడుకు ముడి వెయ్యాలా ఆగాలా తెలియక సూత్రం పట్టుకుని అలాగే వంగి ఉన్నాడు. పెద్దాయన వేలు గట్టిగా ఆడించి, "ఏయ్, బాబూ" అన్నాడు. ఆయన మొహం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. మండపం అంచు దాకా వచ్చాడు. చేతుల్లోని అక్షింతలు కిందపడ్డాయి. రెండు చేతులూ జోడించాడు.

"వాయించండి. దండం పెడతాను, ప్లీజ్ అండీ, వాయించండి!"

ఐదువందలమంది విన్నారు. అబద్ధమెందుకు, అమృతం తాగినట్టుంది. తొమ్మిదేళ్ళ మంట ఒక్కసారిగా చల్లబడింది. అప్పుడే అందుకుని ఉంటే నా కథ అక్కడితో సుఖాంతం. కానీ నాకు ఇంకోసారి అనిపించుకోవాలనిపించింది. ఇంకొక్కసారి. తీరిగ్గా పెదాలు తడుపుకున్నాను.

"వన్! టూ! త్రీ! ఫోర్!"

నేను కాదు. పీటల మీంచి. తల మీద జీలకర్ర బెల్లంతో, మెడ వంచుకుని కూర్చున్న పెళ్ళికూతురు డ్రమ్మరువైపు తిరిగి కేక వేసింది. నావైపు చూడలేదు. అంతే, హాలు దద్దరిల్లిపోయింది. డ్రమ్మరు తీన్‌మార్ అందుకున్నాడు, సాక్సాఫోన్ ఆవిడ నా వంతు కూడా తనే లాక్కుని ఊదేసింది. నేను గబగబా బూర ఎత్తాను. పెదాలు వణికి గాలి తప్ప స్వరం రాలేదు. ఇంకోసారి ప్రయత్నించేసరికి మూడు ముళ్ళూ పడిపోయాయి. అక్షింతలు నా నెత్తి మీద కూడా పడ్డాయి.

భోజనాల దగ్గర ఎవరూ నన్ను ఏమీ అనలేదు. మైకు పనిచెయ్యలేదేమోనని అతిథులు సానుభూతి చూపించారు. మావాళ్ళు వేరే విషయాలు మాట్లాడారు. ఆ పిల్ల మా టేబుల్ దగ్గరికి వచ్చి అందరినీ కౌగిలించుకుంది. నా దగ్గరికొచ్చి ఆగింది.

"డాడీ మీద కోపమా?"

"పెద్ద కథ."

"నాకు చెప్పొచ్చు కదా, ఐదేళ్ళలో ఎప్పుడైనా? నేనే ఆయన్ని అడిగేదాన్ని," అంది. కళ్ళనిండా నీళ్ళు. "నేను అక్కడ కూర్చుని అనుకున్నా, మీకు ఏమైనా అయిందేమో, హార్ట్ ఎటాక్ ఏమో అని. భయపడ్డా." సాక్సాఫోన్ ఆవిడ ఆమె భుజం పట్టుకుని తీసుకెళ్ళింది.

ఇంటికి వచ్చేటప్పుడు కార్‌లో నాన్నకు మొత్తం చెప్పాను. బేస్‌మెంట్, వేలు, చలి, గుమ్మం దగ్గర ఆవిడ, అన్నీ. నీ కోసమే నాన్నా అన్నాను. ఆయన విండ్‌షీల్డ్‌వైపే చూస్తూ విన్నాడు.

"నా కోసమా?" అన్నాడు. "నలభై ఏళ్ళు ఊదాను రా. నన్ను తిట్టినోళ్ళున్నారు. గొడ్ల సావిట్లో విస్తరేసినోళ్ళున్నారు. ఒక ఇంట్లో అదీ పెట్టలేదు. ఆ ఇంట్లో కూడా తాళి కట్టేటప్పుడు ఊదాను. యజమాని కోసం అనుకున్నావా? ఆడి మొహం ఎవడికి కావాలి? పీటల మీద పిల్లుంటుంది. దాని చెవిన ఆ టైంకి ఏ ఏడుపూ, ఏ తుమ్మూ పడకూడదు. అదొక్కటే మన పని." దగ్గు వచ్చి కాసేపు ఆగాడు. "నువ్వు ఆ పిల్లకి నిశ్శబ్దం వినిపించావు. మనోళ్ళలో ఎవడూ చెయ్యలేదు ఆ పని."

నేనేదో అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

ఇంటికి రాగానే బూర పెట్టె తన గదిలోకి పట్టుకుపోయాడు. ఆ ఆదివారం ప్రాక్టీసుకు వెళ్ళబోతూ అడిగితే ఇవ్వలేదు. తర్వాతి ఆదివారం అడగడానికి నాకు మొహం చెల్లలేదు. మావాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు, పని ఉందన్నాను. మూడోసారి చెయ్యలేదు. సాక్సాఫోన్ ఆవిడ లెక్క పెడుతోందని తర్వాత ఎవరో చెప్పారు. ఆ పెద్దాయన మీద నాకు జాలి లేదు, ఈ రోజుకీ లేదు. ఆయన జోడించిన చేతులు తలుచుకుంటే ఇప్పటికీ హాయిగానే ఉంటుంది. ఆ వెంటనే ఆ పిల్ల కేక వినబడి, ఆ హాయి కాస్తా చెడుతుంది.

నాన్న వెళ్ళే రోజున ఒహేర్ ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ దగ్గర ఆయనకు మాట సాయంగా పక్కనే నిలబడ్డాను. సూట్‌కేసులు వేశాం. చేతిలో బూర పెట్టె మాత్రం కింద పెట్టలేదు. కౌంటర్‌లో అమ్మాయి అదేమిటని అడిగింది. ట్రంపెట్ అన్నాను. ఆవిడ ముచ్చటపడి, మీ ఇద్దరిలో వాయించేది ఎవరని అడిగింది. నేను నాన్నకు తెలుగులో చెప్పాను. ఆయన పెట్టె దగ్గరికి లాక్కుని, రొమ్ము మీద వేలు పెట్టి, "నేను" అన్నాడు. ఆవిడకు అర్థమైంది, నవ్వి బోర్డింగ్ పాస్ ఆయన చేతికిచ్చింది.